కానుగ నూనెకు నోరుంది

సెక్టర్ 2, భిలాయి
4 ఫిబ్రవరి 2025

మావయ్యా,

ఈసారి తప్పులు తక్కువ రాస్తానని అమ్మ మీద ఒట్టు పెట్టుకుని మొదలుపెడుతున్నాను. నీకు చెవులు పూర్తిగా పోయాక ఫోను దండగైపోయింది గానీ, దానివల్ల నాకొక మేలు జరిగింది. హిందీ బళ్ళో చదివిన నాకు నీ ఉత్తరాల పుణ్యమా అని తెలుగు అక్షరాలు వంటబట్టాయి. సుచిత్ర వదిన నా ఉత్తరాలు నీకంటే ముందు చదివేస్తోందట. చదవనీ.

రైలు పట్టాల కింద వేసే సిమెంటు స్లీపర్లు మా కంపెనీలో పోస్తారని నీకు తెలుసు కదా. పోసిన స్లీపరు తొందరగా గట్టిపడాలంటే ఆవిరి పట్టాలి. ఆ ఆవిరి నాది, బాయిలర్ నడిపేది నేనే. ఇప్పుడు దాంట్లోనే కొత్త సంగతి. జనవరి నుంచి ఫర్నేసు ఆయిలు మానేసి మంచి నూనె కాలుస్తున్నాం! ఊళ్ళ నుంచి డ్రమ్ముల్లో వస్తుంది. ఆరు నెలలు సేఠ్ వెంటపడి ఒప్పించింది నేనే. చిమ్నీ నుంచి నల్లపొగ లేదు. పక్క బస్తీ ఆడవాళ్ళు దండేల మీద బట్టలారేసుకుంటూ, "ఆజ్ ఛుట్టీ హై క్యా దీదీ?" అని అడిగారు. పొగ కనపడక ఫ్యాక్టరీకి సెలవనుకున్నారు.

మా మేనేజరు మనోజ్‌కుమార్‌కి మాత్రం ఒళ్ళుమంట. "బాయిలర్‌ని రసోయీ చేసేశావు" అన్నాడు, వంటిల్లు చేశానని. "మంట సంగతి తెలిసినవాళ్ళు ఉండేది రసోయీలోనే కదా సార్" అన్నాను. మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన తైలం రాయడం లేదు, దాస్తోంది.

నీ హేమ


పార్వతీపురం
13 ఫిబ్రవరి 2025

హేమకి ముందు దీవెన, తరువాత తిట్లు.

మంచినూనె కాలుస్తున్నారా? బుద్ధుందా మీ సేఠ్‌కి? సరే, వాడికి లేకపోతే నీకైనా ఉండొద్దా? ఇక్కడ సుచిత్ర గరిటె అంచుతో కొలిచి పోపు వేస్తోంది. అక్కడ మీరు డ్రమ్ములకు డ్రమ్ములు తినే నూనె పొయ్యిలో పోసి, పైగా గొప్పగా ఉత్తరాలు రాస్తున్నారు. నేను ఇంజన్లలో బొగ్గేశాను, షెడ్డు బాయిలర్లో ఫర్నేసు ఆయిలు కాల్చాను. మనిషి కంచంలోది మాత్రం ఏనాడూ పొయ్యిలో వెయ్యలేదు.

ఎలాగూ నా మాట వినవు కాబట్టి పని సంగతి చెబుతాను. గింజ నూనె చిక్కగా ఉంటుంది. బాగా వేడెక్కి పల్చబడితేగాని నాజిల్లోంచి సన్నటి తుంపరగా రాదు. ఇత్తడినీ రాగినీ మెల్లగా తినేస్తుంది. ఆపేటప్పుడు పైపుల్లో వదిలేస్తే జిగురుకడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మంట కనపడకపోతే ఆ క్షణమే నూనె ఆపు. పొయ్యిలోకి బాగా గాలి ఊది, లోపలి ఆవిరంతా బయటికి పోయాకే మళ్ళీ వెలిగించు. ఆరిన పొయ్యి పేలి నా చెవులు ఎలా పోయాయో నీకు తెలుసు. నీవి నీ దగ్గరే ఉండనీ.

'దండేలు'లో దీర్ఘం సరిగ్గా పెట్టావు. సంతోషం.

మావయ్య యర్రయ్య


సెక్టర్ 2
24 ఫిబ్రవరి 2025

మావయ్యా,

నీ ఉత్తరం చదివి అమ్మా నేనూ పొట్టలు పట్టుకుని నవ్వాం. మంచి నూనె అంటే మంచిదైన నూనె అని రాశాను. తెలుగులో ఆ రెండు మాటలూ కలిస్తే వంటనూనె అయిపోతుందని నాకెవరు చెప్పారు? ఇది కానుగ నూనె. చేదు. తింటే కక్కుకోవాల్సిందే. ఇక్కడ కరంజ్ అంటారు. ఎవరి కంచంలోదీ నేను తీయలేదు.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఇత్తడి వాల్వులు తీయించి స్టీలువి వేయించాను. నూనెను ముందు తొంభై డిగ్రీల దాకా వేడిచేస్తాం. డీజిల్‌తో మొదలుపెట్టి, డీజిల్‌తోనే పైపులు కడిగి ఆపుతాం. మీ రోజుల్లో లేనిది మాకొకటుంది. మంటను చూసే ఎలక్ట్రిక్ కన్ను. మంట ఆరితే అది చూసి నూనె తనే కట్టేస్తుంది.

ఆ కన్నంటేనే మనోజ్‌కుమార్‌కి పడదు. పొద్దున చలికి నూనె వేడెక్కడానికి నలభై నిమిషాలు పడుతుంది. తొందరపడి వెలిగిస్తే మంట రెపరెపలాడుతుంది, కన్ను ఆపేస్తుంది. "తేరీ ఆంఖ్ బహుత్ నఖ్రే కర్తీ హై" అంటాడు. కన్ను టెక్కు చేస్తోందట. ఉదయం షిఫ్టు చూసే జితేంద్ర భయ్యా నెమ్మదైన మనిషి, ఎదురు చెప్పలేడు. నేను చెప్పగలను. అందుకే నా షిఫ్టులోకి మేనేజరు రాడు.

ఇంక తిట్టకు.

హేమ


సెక్టర్ 2
16 మార్చి 2025

మావయ్యా, నాకేమీ కాలేదు. అది చదివాకే మిగతాది చదువు.

మంగళవారం పొద్దున్న జితేంద్ర భయ్యా షిఫ్టులో పొయ్యి పేలింది. ముందు తలుపు ఊడి ఎదురు గోడకు కొట్టుకుంది. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది, మొహం ఒకపక్క బొబ్బలెక్కింది. కళ్ళు దక్కాయి. ఆయన భార్య ఆస్పత్రి వరండాలో నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

నేను వెళ్ళేసరికి బాయిలర్ చల్లారిపోయింది. చుట్టూ చూశాను. మంటను చూడాల్సిన కన్ను దాని గూట్లో లేదు. బయటికి లాగి పైపుకు కట్టేశారు. దానికి ఎదురుగా చిన్న బల్బు వెలుగుతోంది. అర్థమైందా మావయ్యా? ఆ కన్ను బల్బును చూస్తూ లోపల మంట ఉందనుకుంటోంది. నూనె సరిగ్గా వేడెక్కక మంట ఆరిపోయింది. కన్ను నూనె ఆపలేదు. ఎర్రగా కాలిన పొయ్యిలో నూనె ఆవిరైపోతూ నిండింది, నిండింది, ఒక్కసారిగా అంటుకుంది. బల్బు విప్పి నా డబ్బాలో పెట్టుకున్నాను. ఆ రోజు వాడిన డ్రమ్ములోంచి ఒక క్యాను నూనె తీసి, మూత మీద లక్క పోసి, మా ఫోర్‌మన్ చేత సంతకం పెట్టించాను.

సాయంత్రం మనోజ్‌కుమార్ పిలిచాడు. చల్లటి మజ్జిగ తెప్పించాడు. ఎన్నడూ లేదు.

"తేల్ మే పానీ థా. బస్, ఇత్నా లిఖ్ దో" అన్నాడు.

నూనెలో నీళ్ళున్నాయని రాసివ్వాలట. బాయిలర్ నా సర్టిఫికెట్ మీద నడుస్తోంది కాబట్టి నా మాటకే విలువ. అలా రాస్తే జితేంద్ర మీదికి రాదు, నా మీదికి రాదు, ఎవరి మీదికీ రాదని చెప్పాడు. మళ్ళీ ఫర్నేసు ఆయిలు తెప్పించుకుంటారట.

"ఆలోచించుకుంటాను" అని వచ్చేశాను. ఆలోచించడానికి ఏముందో నాకే తెలియదు. నిజం రాస్తే భయ్యా ఉద్యోగం పోతుందన్నది మాత్రం గుర్తొస్తోంది. నువ్వేమంటావు?

హేమ


పార్వతీపురం
24 మార్చి 2025

హేమా,

నీ ఉత్తరం అందిన రోజు అన్నం సహించలేదు. మొదటి వాక్యం నాలుగుసార్లు చదువుకున్నాను.

నా మాట విను. సంతకం పెట్టేయ్. నూనెకి నోరు లేదు. దానికి పెళ్ళాం బిడ్డలు లేరు. మనిషి మీద పెట్టే నింద అయితే వద్దంటాను. ఇది ఎక్కడో పెద్ద డీలరు దగ్గర నుంచి వచ్చే సరుకు. వాడు మీకు అమ్మకపోతే ఇంకొకడికి అమ్ముకుంటాడు. జితేంద్ర మిగులుతాడు, నువ్వు మిగులుతావు. ఒక్క మాటతో ఇద్దరు మిగులుతుంటే ఆ మాట అనడంలో తప్పేమిటి?

మా రోజుల్లోనూ ఇలాంటిది జరిగింది. ఎనభై ఆరులో నేను ఫైర్‌మన్‌గా ఉన్న బండి ఎత్తులో ఆగిపోయింది. ఆవిరి చాల్లేదు. మూడు గంటలు లైను మూసుకుపోయింది. బొగ్గు బాగాలేదని రాశాం, నేనూ డ్రైవరూ. అయిపోయింది. బొగ్గు ఏడ్చిందా?

కన్ను కట్టేసినవాడి పాపం వాడినే కొడుతుంది. ఆ పని నీది కాదు. నీకు నిండా ముప్పై రెండేళ్ళు లేవు. అమ్మ ఉంది.

యర్రయ్య మావయ్య


సెక్టర్ 2
1 ఏప్రిల్ 2025

మావయ్యకు,

నూనెకి నోరు లేదా? పద్నాలుగు నోళ్ళున్నాయి. నేను ఇన్నాళ్ళూ నీకు రాయకపోవడమే తప్పు. డ్రమ్ములని రాశాను గానీ అవి ఎవరివో రాయలేదు. డీలరు లేడు. మరోదా దాటాక ఉన్న ఊళ్ళో పద్నాలుగు మంది ఆడవాళ్ళు గట్ల మీద రాలిన కానుగకాయలు ఏరి, కొట్టి, ఎండబెట్టి, గానుగాడించి, వడకట్టి తెస్తారు. వాళ్ళ పెద్ద దులారీ బాయి. ఆ నూనె నీళ్ళలా మెరిసేదాకా మూడు గుడ్డలు మార్చి వడకడుతుంది. పేలుడు జరిగిన మూడోరోజే వాళ్ళ డ్రమ్ములు గేటు దగ్గర నుంచి తిప్పి పంపేశారు. ఇంకా నేను సంతకం పెట్టనే లేదు!

దులారీ బాయి గేటు ముందు కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"హమర్ తేల్ మా కా ఖరాబీ హే, బేటీ?"

మా నూనెలో ఏం లోపముంది బిడ్డా, అని. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుని దిద్దుకుందామని అడిగింది. ఆ అడగడం చూస్తే నువ్వు కూడా ఆ కాగితం రాయలేవు.

నేను రాయలేదు. మనోజ్‌కుమార్ గదిలోకి వెళ్ళి అతని కాగితం అతని టేబుల్ మీదే పెట్టాను. "నై లిఖూంగీ" అన్నాను, రాయనని. ఇంట్లో కూర్చోమన్నాడు. కూర్చున్నాను, ఊరికే కాదు. జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసి బాయిలర్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జితేంద్ర భయ్యాకు కూడా ముందే చెప్పాను, నీ పేరు వస్తుందని. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

మంట కనపడకపోతే ఆపమని నేర్పింది నువ్వు. నువ్వే సంతకం పెట్టమన్నావు. నీకు కోపమొస్తే రానీ. ఈ ఉత్తరంలో తప్పులుంటే దిద్దకు.

హేమశ్రీ


పార్వతీపురం
10 ఏప్రిల్ 2025

అమ్మా హేమా,

తప్పులు లేవు. ఉన్న తప్పు నాది.

బొగ్గు ఏడ్చిందా అని రాశాను. ఏడ్చింది. నేను విన్నాను. అప్పుడు నాకు చెవులు బాగానే ఉండేవి.

భిలాయి షెడ్డులో బొగ్గులోంచి రాళ్ళేరే రేజాల గుంపు, అంటే కూలి ఆడవాళ్ళ గుంపు, ఒకటుండేది. పదకొండు మంది, అంతా మనవైపు నుంచి వెళ్ళినవాళ్ళే. వాళ్ళ పెద్ద అప్పయమ్మ. ఆమె ఏరిన బొగ్గులో రాయి దొరకదు. ఆ రోజు నేను కళ్ళు మూతలు పడి నిప్పు సరిగ్గా చూసుకోలేదు. అడుగున బూడిద కరిగి చిట్టెంగా గడ్డకట్టి నిప్పు చచ్చిపోయింది. డ్రైవరుకు తెలుసు. పాపం, నన్ను కాపాడదామనే బొగ్గు మీదికి నెట్టాడు. బొగ్గు బాగాలేదంటే ఏరినవాళ్ళు బాగా ఏరలేదనే కదా? వారం తిరక్కుండా పదకొండు మందినీ పనిలోంచి తీసేశారు. అప్పయమ్మ షెడ్డు బయట నిలబడి నన్నే అడిగింది.

"ఒరే యర్రయ్యా, మా బొగ్గులో రాయుందేటిరా? నువ్వు సూసినావేటి?"

తల దించుకుని వెళ్ళిపోయాను. తరువాత భిలాయిలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఎదురైతే రోడ్డు మారాను. మొన్న ఆ సంగతి నీకు రాసినప్పుడు కూడా సగమే రాశాను చూడు. దులారీ బాయి అడిగిన మాట చదివాక మిగతా సగం దాచలేకపోయాను.

ఇక పని మాట. ఎంక్వయిరీలో నూనెలో నీళ్ళున్నాయంటారు. వాదించకు. ఆ క్యాను అందరి ముందు తెరిపించి, ఒక గరిటెడు నూనె పొయ్యి మీద పెట్టు. నీళ్ళుంటే చిటపటలాడుతుంది. లేకపోతే మాట్లాడదు. నమ్మకపోతే లేబొరేటరీకి పంపించుకోమను. బల్బు ఎవరికీ ఇవ్వకు. ఇన్‌స్పెక్టరు చేతికే ఇచ్చి రసీదు తీసుకో. గొంతు తగ్గించకు.

ఇందులో ఇంకో కాగితం మడిచి పెట్టాను. అది అప్పయమ్మకు. మరోదాలో కొడుకు దగ్గర ఉంటోందని నిరుడు విన్నాను. ఆమెకు చదువు రాదు. నువ్వు చదివి వినిపించు.

మావయ్య


సెక్టర్ 2
28 ఏప్రిల్ 2025

మావయ్యా,

రాయడం ఆలస్యమైంది. నీ మీద అలిగాననుకున్నావని సుచిత్ర వదిన ఫోనులో చెప్పింది. అలగలేదు. చేతులు ఖాళీ లేవు.

పోయిన సోమవారం రాయ్‌పూర్ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సేఠ్, మనోజ్‌కుమార్, నేను, చేతికి కట్టుతో జితేంద్ర భయ్యా. గేటు బయట పద్నాలుగు మందీ నిలబడ్డారు. మనోజ్‌కుమార్ అనుకున్నట్టే మొదలుపెట్టాడు, తేల్ మే పానీ అని. నేను క్యాంటీను నుంచి స్టవ్వు, గరిటె తెప్పించాను.

"యే కోయీ చౌకా హై?" అన్నాడు. ఇదేమైనా వంటిల్లా అని.

"కర్నే దీజియే" అన్నాడు ఇన్‌స్పెక్టరు, చెయ్యనివ్వమని.

లక్క ఆయనే పగలగొట్టాడు. నూనె కాగింది. అందరం గరిటె మీదికి వంగాం. ఒక్క చిటుక్కు లేదు. ఘాటైన చేదు వాసన, సన్నటి పొగ, అంతే. ఆయన మిగతా నూనె సీసాలో పోసి లేబొరేటరీకని సీలు వేశాడు. అప్పుడు బల్బు టేబుల్ మీద పెట్టాను. తనెప్పుడూ చూడలేదన్నాడు మనోజ్‌కుమార్. నేను అబద్ధమాడుతున్నానన్నాడు. బల్బు నా డబ్బాలో ఉంది గానీ, అది కట్టమన్న మాట ఎవరి డబ్బాలోనూ లేదు కదా.

జితేంద్ర భయ్యా లేచాడు. లేవడానికి బల్ల పట్టుకోబోయి, కాలిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"బల్బ్ మైనే బాంధా థా, సాబ్. బోలా ఇన్హోనే థా. రోజ్ బోల్తే థే."

కట్టింది నేనే, కట్టమన్నది ఈయనే, రోజూ అనేవాడు అని. మనోజ్‌కుమార్ వైపు చూడకుండా, నా వైపు చూస్తూ చెప్పాడు. తన సర్టిఫికెట్ పోతుందని తెలిసే చెప్పాడు. ఆరు నెలలు ఆపేశారు కూడా.

లేబొరేటరీ కాగితం శుక్రవారం వచ్చింది. నూనె శుభ్రం. మనోజ్‌కుమార్‌ని బాయిలర్ జోలికి రావద్దని రాతపూర్వకంగా పక్కకు పెట్టారు. సేఠ్ నన్ను రమ్మన్నాడు. మూడు మాటలు చెప్పాను. ఆ కన్ను మీద నేను తప్ప ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. భయ్యా ఆరు నెలలూ స్టోర్సులో పనిచేస్తాడు, ఇంటికి పంపకూడదు. దులారీ బాయి డ్రమ్ములు ముందు లోపలికి రావాలి, తరువాతే బాయిలర్ వెలుగుతుంది. "ఇత్నీ శర్తే?" అన్నాడు, ఇన్ని షరతులా అని. "స్లీపర్లు పచ్చిగా ఉన్నాయి సార్, నేను ఆగగలను" అన్నాను. ఒప్పుకున్నాడు. మొన్న శనివారం వెలిగించాను. నూనె వేడెక్కేదాకా నలభై నిమిషాలూ సేఠ్ గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. నిలబడనీ.

ఇక నీ కాగితం. నిన్న మరోదా వెళ్ళాను. అప్పయమ్మకు ఎనభై దాటాయి. గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"ఎవులమ్మా నువ్వు?"

"యర్రయ్య మేనకోడల్ని."

"యే యర్రయ్య? ఇంజిను యర్రయ్యేనా? బతికున్నాడేటి?"

చదవమంది. మొత్తం చదివాను. నువ్వు నిద్రపోయిన చోట కూడా ఆమె ఏరడం ఆపలేదు. అయ్యాక చేట పక్కన పెట్టింది.

"మా బొగ్గులో రాయి లేదని నాకు ఆ యాళే తెలుసు. ఆడికి ఇప్పుడు తెలిసిందేటి?"

కాగితం ఇవ్వబోతే నా చెయ్యి తోసేసింది.

"ఈ కాయితం నానేటి సేసుకోను? పట్టుకుపో. పదకొండు మందిమి ఉండేవోళ్ళం. నలుగురం మిగిలినాం. నలుగురినీ ఇక్కడ కూకోబెడతాను. ఆడినొచ్చి మా ఎదర సెప్పమను. నోటితో సెప్పమను."

కాగితం తిప్పి పంపుతున్నాను. నువ్వు రానక్కర్లేదు అని రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను.

హేమ


పార్వతీపురం
6 మే 2025

హేమా,

దుర్గ్ వెళ్ళే బండికి ఈ నెల పద్దెనిమిదికి టికెట్టు తీసేశాను. సుచిత్ర గొడవపెట్టింది. డెబ్బై ఐదేళ్ళ మనిషివి, ఈ ఎండల్లో ఎవరో తిట్టడానికి పిలిస్తే వెళ్తావా అంది. వెళ్తానన్నాను. తోడొస్తానంది, వద్దన్నాను.

నువ్వు స్టేషనుకి రావద్దు. అమ్మకు వంట మొదలుపెట్టొద్దని చెప్పు. బండి దిగి నేరుగా మరోదా వెళ్తాను, మీ ఇంటికి ఆ తరువాత. చెప్పాల్సింది రోజూ పైకి చెప్పుకుంటున్నాను. మొదటి మాట దగ్గరే ఆగిపోతున్నాను గానీ, అక్కడ నలుగురి ముందూ ఆగను. వాళ్ళు అన్నం పెడితే తింటాను. తలుపేసేస్తే గుమ్మంలో కూర్చుంటాను, తీసేదాకా.

మావయ్య